గంటసేపటి అభ్యాసము

క్రీడారంగమున జయాపజయములు నిర్ణయమగుటకు పట్టు కాలము మిక్కిలి స్వల్పము. కబడ్డీ పోటీని చూడవచ్చిన ప్రేక్షకులకు కనబడునది కొన్ని నిమిషముల ఆట మాత్రమే. ఆ నిమిషముల వెనుక ఎన్నియో నెలల సాయంకాలములు దాగియుండును. చెట్టునకు కాచిన పండు అందఱికిని కనబడును. నేలలోని వేరు ఎవ్వరికిని కనబడదు. ఆటకు అభ్యాసము వేరువంటిది.

తెలుగునాట చెడుగుడు అని పిలువబడుచు వచ్చిన కబడ్డీ 1990వ సంవత్సరమున బీజింగు నగరమునందు జరిగిన ఆసియా క్రీడలలో మొదటిసారిగా పతకముల పోటీగా చేర్చబడినది. నాటినుండి 2014 వఱకు పురుషుల పోటీలో భారతదేశము వరుసగా ఏడుమాఱులు స్వర్ణపతకమును సాధించినది. స్త్రీల పోటీ 2010లో గ్వాంగ్‌జౌ నగరమున ప్రారంభము కాగా, అందును భారతజట్టే గెలిచినది. ఐనను 2018లో జకార్తా నగరమున ఇరాను జట్లు రెండు స్వర్ణపతకములను గైకొన్నవి. 2023లో హాంగ్‌జౌ నగరమున జరిగిన క్రీడలలో భారతజట్లు రెండును తమ స్థానమును తిరిగి సంపాదించుకొన్నవి. ఆనాటి స్త్రీల తుది పోటీలో చైనీస్ తైపీ జట్టునకు 25 పాయింట్లు రాగా, భారతజట్టునకు 26 వచ్చినవి. ఒకే ఒక పాయింటు స్వర్ణపతకమును నిర్ణయించినది.

అట్టి పాయింటు పోటీనాడు ఆకాశమునుండి ఊడిపడునది కాదు. అది అభ్యాసమునందు కూడబెట్టుకొనిన ధనము. కాని అభ్యాసము చేయుట వేఱు, ఫలమిచ్చునట్లు చేయుట వేఱు. “ఆరునెలలు సాము చేసి మూలనున్న ముసలమ్మను కొట్టినట్లు” అను సామెత తెలుగువారికి సుపరిచితము. ఆ సాము చేసినవాడు శ్రమపడలేదని సామెత చెప్పుట లేదు. వాడు శ్రమపడెను, కాని దేనికొఱకు శ్రమపడుచున్నాడో ఎఱుగడాయెను. గుఱి లేని శ్రమకు ప్రణాళిక లేదు. ప్రణాళిక లేని శ్రమకు ఫలము లేదు.

ఒక ఉన్నత పాఠశాలలో కబడ్డీ నేర్చుకొను బాలికలు 14 మంది గలరని ఊహింపవచ్చును. వారమునకు నాలుగు దినములు, బడి విడిచిన పిదప ఒక గంట వారికి లభించును. చీకటి పడకమునుపే దూరగ్రామముల బాలికలు బస్సు నందుకొనవలెను. కావున ఆ గంటకు మఱియొక నిమిషమైనను కలియదు. పాఠశాలకు గలది ఒక డ్రిల్లు మాస్టరు, ఒక ఆటస్థలము. మాస్టరుగారి చేతిలో ఒక సెల్‌ఫోను గలదు. ఈ కొద్దిపాటి సంపదతో 14 మందికిని విద్య ఎట్లు గరపవలెననునదే ప్రశ్న.

సాధారణముగా జరుగునది ఇది. హాజరు తీసికొనుటకును, మైదానము చుట్టు పఱుగెత్తుటకును 20 నిమిషములు గడచిపోవును. మిగిలిన 40 నిమిషములు బాలికలు రెండు జట్లుగా నిలిచి ఆడుదురు. నియమముల ప్రకారము ఒక కూతకు గడువు 30 సెకండ్లు. కూత ముగిసి, అందఱును తిరిగి తమతమ తావులలో నిలుచునప్పటికి మఱి 30 సెకండ్లు పట్టును. అనగా నిమిషమునకు ఒక కూత. 40 నిమిషములకు 40 కూతలు. వానిని 14 మందికి సమముగా పంచినను తలకు మూడైనను రావు. సమముగా పంచుట కూడ జరుగదు. చుఱుకైన ఇద్దఱు బాలికలు చెరి పది కూతలకు వెళ్ళుదురు. మిగిలిన 20 కూతలను 12 మంది పంచుకొనవలెను. వారిలో జంకుగల ఒక బాలిక ఆ సాయంకాలమంతయు ఒకేయొక కూతకు వెళ్ళును. ముప్పది సెకండ్ల విద్యకై గంట కాలము వెచ్చించిన ఆ బాలిక, నెల తిరుగునప్పటికి, ఈ ఆట తనకు రాదని నిశ్చయించుకొనును. లోపము ఆమెలో లేదు. ఆమెను నిలిపిన వరుసలో ఉన్నది.

మహాభారతమున ద్రోణాచార్యుని శిష్యులను గూర్చి ఒక కథ గలదు. ఆచార్యుడు నీరు తెచ్చుటకై శిష్యులకు ఇఱుకుమూతి కమండలముల నిచ్చి, తన కుమారుడైన అశ్వత్థామకు మాత్రము వెడల్పుమూతి కుండ నిచ్చెనట. ఇతరుల పాత్రలు నిండులోపల అశ్వత్థామ తిరిగివచ్చి తండ్రియొద్ద అధికవిద్యల నభ్యసించుచుండెడివాడు. అర్జునుడది గ్రహించి, వారుణాస్త్రముతో తన కమండలమును నింపుకొని అశ్వత్థామతోపాటే గురుసన్నిధి చేరుచుండెను. అధికవిద్య యనగా అధికసమయమే యని ఆ కథ తెలుపుచున్నది. నేటి ఆటస్థలమున ఏ గురువును బుద్ధిపూర్వకముగా కొందఱికి ఇఱుకుమూతి పాత్రల నీయడు. కాని లెక్క చూడనిచోట, నేర్పు గలవారికి వెడల్పుమూతియు, నేర్వవలసినవారికి ఇఱుకుమూతియు తమంతట తామే ప్రాప్తించును.

కావున ప్రణాళికకు మొదటి మెట్టు లెక్క. ఆటను లెక్కించుట క్రొత్త విషయము కాదు. ఇంగ్లండు దేశమున చార్లెస్ రీప్ అను వైమానికదళ గణకాధికారి 1950లో స్విండన్ టౌన్ ఫుట్‌బాల్ జట్టు ఆడు ఆటను చూచుచు, ప్రతి దాడిని పెన్సిలుతో కాగితముపై గుర్తించుట ప్రారంభించెను. నేడు కాగితము చేయు పనిని స్ప్రెడ్‌షీటు మఱింత సులభముగా చేయును. 1979లో విసికాల్క్ అను పేరుతో చిన్న కంప్యూటరులకొఱకు వెలువడిన ఈ గళ్ళపట్టిక ఇప్పుడు ప్రతి సెల్‌ఫోనులోను ఇముడుచున్నది. ఎడమప్రక్కన నిలువుగా 14 పేర్లు, పైభాగమున అడ్డముగా తేదీలు వ్రాసికొనవలెను. ఒక్కొక్క బాలిక ఎన్ని కూతలకు వెళ్ళినది, ఎన్ని పట్లలో పాల్గొన్నది గడిలో నింపినచో, నెలాఖరున మొత్తమును పట్టికయే కట్టియిచ్చును. అందఱికిని సమానావకాశ మిచ్చుచున్నానని నమ్మిన గురువునకు, ఒకరి పేరున 60యు, మఱియొకరి పేరున 9యు కనబడవచ్చును. అంకె ఎవ్వరిని నిందింపదు, కాని దాచిపెట్టదు.

ఐతే అంకెను చదువుటకును వివేకము కావలెను. ఎక్కువ గోలులు మూడు లేక అంతకు తక్కువ పాసులతోనే వచ్చుచున్నవి గనుక, బంతిని శీఘ్రముగా ముందునకు కొట్టుటయే మేలని రీప్ నిశ్చయించెను. అసలు తక్కువ పాసుల దాడులే సంఖ్యలో మిక్కిలి అధికములని, అందుచేతనే ఆ గోలులును అధికముగా కనబడినవని తరువాతివారు చూపిరి. ఈ పొరపాటు కబడ్డీలోను సులభముగా జరుగును. పది కూతలకు వెళ్ళి నాలుగు పాయింట్లు తెచ్చిన బాలిక, రెండు కూతలకు వెళ్ళి ఒకటి తెచ్చిన బాలిక కంటె గొప్పదిగా తోచును. కూతల సంఖ్యతో భాగించి చూచినచో మొదటి బాలికకు పదింటికి నాలుగు, రెండవ బాలికకు రెండింటికి ఒకటి. రెండు కూతలను చూచి రెండవ బాలికయే మేటి యని చెప్పుటయు తొందరపాటే. ఆమెకు మఱికొన్ని కూతలిచ్చి చూడవలెననునదే ఆ లెక్క నేర్పు పాఠము.

రెండవ మెట్టు గుఱి. ఒక దినమునకు ఒక గుఱి చాలును. “నేడు పట్టు బాగుపడవలెను” అని చెప్పుట గుఱి కాదు, కోరిక. గుఱి కంటికి కనబడునట్లు, లెక్కకు అందునట్లు ఉండవలెను. స్త్రీల కబడ్డీ స్థలము 12 మీటర్ల పొడవును, 8 మీటర్ల వెడల్పును గలది. మధ్యగీతకు 3 మీటర్ల దూరమున బాక్ లైను అను గీత గలదు; కూతకు వచ్చినవారు ప్రత్యర్థులలో ఎవ్వరినైన తాకనిచో దానిని తప్పక దాటి మఱలవలెను. “కూతకు వచ్చిన బాలిక ఆ గీతను దాటి పాదము మోపగానే, మూలనున్న బాలిక చీలమండ పట్టవలెను, ఆమె ప్రక్కనున్న బాలిక వెంటనే తోడుగా వచ్చి నడుము పట్టవలెను” అనునది గుఱి. పదిసార్లలో ఎన్నిసార్లు తోడు సకాలమున వచ్చినదో ఎవరైనను లెక్కింపవచ్చును. ఈ గుఱిని ముందునాటి రాత్రియే వ్రాసి ఉంచుకొనవలెను. మైదానమునకు వచ్చిన పిదప ఆలోచించుట, పెండ్లివారు విస్తళ్ళ ముందు కూర్చుండిన పిదప పొయ్యి రాజేయుట వంటిది.

మూడవ మెట్టు గంటను పంచుకొనుట. గుఱిని తెలుపుటకు 3 నిమిషములు, శరీరమును సిద్ధపఱచుటకు 12, చిన్న జట్లలో సాధనకు 15, పూర్తి ఆటకు 20, సేదదీరుటకును, నాటి విషయములు గుర్తించుటకును 10 నిమిషములు, వెరసి 60. ఈ పంపకమును ఫోనులోని గడియారమునందు ముందుగా అమర్చినచో, ఒక్కొక్క భాగము ముగియగానే అది మ్రోగును. మాస్టరుగారు మాటిమాటికి చేతిగడియారమును చూచుకొనవలసిన పని యుండదు. ఆయన కన్నులు పిల్లలమీదనే నిలుచును.

శరీరమును సిద్ధపఱచు 12 నిమిషములను మైదానము చుట్టు పఱుగుతో సరిపెట్టరాదు. ఫుట్‌బాల్ ఆటకొఱకు ఫిఫా సంస్థ ప్రోత్సాహమున సిద్ధమైన “11+” అను వ్యాయామక్రమములో మెల్లని పఱుగు, కాళ్ళకు నడుమునకు బలము నిచ్చు వ్యాయామములు, ఒంటికాలిపై నిలుకడ, ఎగిరి సరిగా దిగుట మొదలగునవి కలవు. నార్వే దేశమున 13 మొదలు 17 ఏండ్ల వయస్సుగల దాదాపు 1,900 మంది బాలికలతో ఈ క్రమమును పరీక్షించి, 2008లో ఫలితములను ప్రకటించిరి. దానిని శ్రద్ధతో పాటించిన జట్లలో తీవ్రమైన గాయములు బాగుగా తగ్గినవి. కబడ్డీలోను మోకాలికి, చీలమండకు ముప్పు ఎక్కువే. కావున దిగుట, తిరుగుట, నిలదొక్కుకొనుట అను మూడింటిని ప్రతిదినమును అభ్యసించుట మేలు. ఇది కాలహరణము కాదు. గాయపడి మంచమెక్కిన బాలికకు నష్టమగు వారములను ముందుగానే కాపాడుకొనుట.

చిన్న జట్ల సాధనలోనే ప్రణాళిక మహిమ స్పష్టముగా కనబడును. 14 మందిని నాలుగు గుంపులుగా విభజింపవలెను: రెండు గుంపులలో నలుగురేసి, రెండు గుంపులలో మువ్వురేసి. మైదానమున సున్నముతో మఱికొన్ని గీతలు గీసినచో నాలుగు చిన్న స్థలములు ఏర్పడును. ప్రతి గుంపులో ఒకరు కూతకు వచ్చుదురు, మిగిలినవారు పట్టుదురు, పిమ్మట తావులు మార్చుకొందురు. నిమిషమునకు ఒక కూత చొప్పున 15 నిమిషములలో ఒక్కొక్క గుంపునకు 15 కూతలు. నాలుగు గుంపులకు 60 కూతలు. మునుపటి పద్ధతిలో 40 నిమిషములకు 40 కూతలు మాత్రమే జరిగినవి. పిమ్మట జరుగు 20 నిమిషముల పూర్తి ఆటలో, అందఱును ఒక్కొక్క కూతకు వెళ్ళినగాని ఎవ్వరును రెండవ కూతకు వెళ్ళరాదని నియమించినచో, అందఱికిని అందులోను పాలు దక్కును. రెండును కలిసి 80 కూతలు. జంకుగల ఆ బాలికకు తక్కువలో తక్కువ నాలుగు కూతలు లభించును. గంట పెరుగలేదు, మైదానము పెరుగలేదు, విద్య మాత్రము ఇంతలంతలైనది.

ఈ సాధనలో ఒకే నేర్పును వరుసగా చేయుట మేలా, పలు నేర్పులను కలిపి చేయుట మేలా యను సంశయము కలుగును. ఈ విషయమున 1986లో ప్రకటింపబడిన యొక పరిశోధన గలదు. అమెరికాలో కొందఱు విద్యార్థినులకు బ్యాడ్మింటన్‌లో మూడువిధముల సర్వులను నేర్పిరి. కొందఱు ఒక విధమును పూర్తిగా అభ్యసించిన పిదపనే మఱియొక దానికి పోయిరి. కొందఱు మూడింటిని క్రమము లేకుండ కలగలిపి అభ్యసించిరి. పిదప కొంతకాలమునకు పరీక్షింపగా, కలిపి అభ్యసించినవారే నేర్చినదానిని చక్కగా నిలుపుకొనిరి. ఏలయన, వారు ప్రతిసారియు ఇప్పుడేమి చేయవలెనని ఆలోచింపవలసివచ్చెను. ఆటలోను అట్లే జరుగును గదా! కూతకు వచ్చిన ప్రత్యర్థి తాను ఎటు తిరుగునో ముందుగా చెప్పిరాదు. కావున క్రొత్త నేర్పును మొదట కొన్నిమాఱులు విడిగా చేసి, చేయి తిరిగిన పిమ్మట చీలమండ పట్టు, తొడపట్టు, గొలుసుపట్టు అనువానిని కలగలిపి అభ్యసింపవలెను. కలిపి చేయునప్పుడు తప్పులు ఎక్కువగా కనబడును. వానిని చూచి నిరాశపడరాదు.

ఇక వీడియో. 1878లో ఎడ్వర్డ్ మైబ్రిడ్జ్ అను ఛాయాగ్రాహకుడు కాలిఫోర్నియాలో పఱుగెత్తు గుఱ్ఱమును, వరుసగా అమర్చిన అనేక కెమెరాలతో చిత్రించెను. పఱుగులో ఒక క్షణమున గుఱ్ఱపు నాలుగు కాళ్ళును నేలను విడిచియుండునని ఆ చిత్రములు చూపినవి. అంతకుముందు ఎందఱో గుఱ్ఱములను చూచిరి. కాని మనుష్యుని కన్ను ఆ క్షణమును పట్టుకొనలేదు. ఆ పని నేడు సెల్‌ఫోను చేయుచున్నది. అది సాధారణముగా సెకండునకు 30 చిత్రములను తీయును. మందగతి వీడియోలో అనేక ఫోనులు 240 చిత్రములవఱకు తీయగలవు. కూతకు వచ్చిన బాలిక చేతివ్రేళ్ళు ఎదుటివారిని తాకునది సెకండులో పదవ వంతు కాలమనుకొన్నచో, సాధారణ వీడియోలో ఆ తాకుట మూడు చిత్రములలో కనబడును. మందగతిలో 24 చిత్రములలో కనబడును. తాకినదా లేదా యను జగడము అంతటితో తీరును. అంతకంటె ముఖ్యముగా, పట్టునకు వంగిన బాలిక చూపు ఎచ్చట నున్నది, బరువు ఏ కాలిపై నున్నది, తోడు ఎంత ఆలస్యముగా వచ్చినది స్పష్టపడును.

ఐనను వీడియోకు హద్దు ఉండవలెను. ఫోనును మైదానపు మూలన ఒక కఱ్ఱకు కట్టి, ఒకే తావునుండి తీయుట మంచిది. పది సెకండ్ల ముక్కను, నాటి గుఱికి సంబంధించినంతవఱకే, ఒకటి రెండుమాఱులు చూపవలెను. “నీ తప్పు ఇది” అని చెప్పుటకు ముందు “నీకు ఏమి కనబడినది?” అని అడుగవలెను. తన తప్పును తానే కనుగొనిన బాలిక దానిని సులభముగా దిద్దుకొనును. గంటలో పావుగంట తెఱను చూచుచు కూర్చున్నచో, ఆడుటకు వచ్చినవారు ప్రేక్షకులుగా మాఱుదురు. వరుసలో నిలిచి కాలము పోగొట్టుకొనుటకును, తెఱముందు కూర్చుండి పోగొట్టుకొనుటకును భేదము లేదు.

దేహశక్తిని కొలుచుటకును ఫోను ఉపకరించును. కెనడా శాస్త్రజ్ఞుడు లూక్ లెజే మఱియొక శాస్త్రజ్ఞునితో కలిసి 1982లో ప్రకటించిన పరీక్షలో, 20 మీటర్ల దూరమున రెండు గీతలు గీసి, ఒక ధ్వని వినబడులోపల ఒక గీతనుండి మఱియొక గీతకు పఱుగెత్తవలెను. వేగము మెట్టుమెట్టునకు గంటకు అర కిలోమీటరు చొప్పున పెరుగును. ధ్వనులను ఫోను వినిపించును. రెండు మూడు నెలలకొకమాఱు ఈ పరీక్ష జరిపి, ఒక బాలిక ఫలితమును ఆమె మునుపటి ఫలితముతోనే పోల్చవలెను, ప్రక్కవారితో పోల్చరాదు.

శ్రమను కొలుచు ఉపాయము ఇంకను సులభము. అమెరికా శాస్త్రజ్ఞుడు కార్ల్ ఫాస్టర్, ఆయన సహచరులు ప్రచారమునకు తెచ్చిన పద్ధతిలో, అభ్యాసము ముగిసిన కొంతసేపటికి “నేటి శ్రమ సున్న మొదలు పది వఱకు ఎంత?” అని ఒక్కొక్కరిని అడుగుదురు. వారు చెప్పిన అంకెను అభ్యాసపు నిమిషములతో గుణింతురు. 60 నిమిషముల అభ్యాసమునకు ఒక బాలిక 4 అని చెప్పినచో నాటి భారము 240. 7 అని చెప్పినచో 420. నాలుగు దినములలో వరుసగా 4, 6, 7, 5 అని చెప్పినచో వారపు మొత్తము 1,320. మఱుసటి వారము ప్రతిదినమును 8 అని చెప్పినచో మొత్తము 1,920 అగును. అభ్యాసము మారకయే భారము అంతగా పెరిగినచో కారణమును విచారింపవలెను. ఆమె జ్వరము నుండి లేచినదేమో; పరీక్షలకై రాత్రులు నిద్ర మేల్కొనుచున్నదేమో; మధ్యాహ్నము భోజనము చేయలేదేమో. ఎండకాలమున నీరు చాలక పోవుచున్నదేమో. అంకె తలుపు తట్టును. తలుపు తెఱచి లోపల ఎవరున్నారో చూడవలసినది మాత్రము మనుష్యుడే.

ఈ ఉపకరణముల పరిమితి ఇక్కడనే తెలియుచున్నది. ఎన్ని కూతలో పట్టిక చెప్పును. భయమును జయించి వెళ్ళిన మొదటి కూత ఏదియో చెప్పదు. పాదము ఎక్కడ పడినదో వీడియో చూపును. పడిన తోడిబాలికను చేయిపట్టి లేపిన మనస్సును కొలువదు. అంకెలను గోడకు అంటించి వెనుకబడినవారిని నవ్వులపాలు చేసినచో, వారు ఆటకు రావడమే మానుకొందురు. పిల్లల వీడియోలను, ఆరోగ్యవివరములను భద్రముగా ఉంచుటయు అంతే ముఖ్యము. 2023లో భారత పార్లమెంటు ఆమోదించిన డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణచట్టము 18 ఏండ్లు నిండనివారిని పిల్లలుగా పరిగణించి, వారి సమాచారమును ఉపయోగించుటకు తల్లిదండ్రుల సమ్మతి కావలెనని విధించినది. చట్టము మాట అటుంచినను, ఒక బాలిక తడబడి పడిన దృశ్యము ఊరివారి ఫోనులలో వినోదముగా తిరుగుట న్యాయము కాదు. నేర్చుకొనుటకై తీసినది నేర్చుకొనుటకే వినియోగింపవలెను. పని తీరిన పిమ్మట చెరిపివేయవలెను.

ప్రణాళికను గురువొక్కడే మోయనక్కరలేదు. ప్రతిదినము ఒక బాలిక లెక్కలు గుర్తించును. మఱియొకతె గడియారమును చూచును. వేఱొకతె వీడియో తీయును. వారమునకొకమాఱు ఈ పనులు చేతులు మాఱును. లెక్క గుర్తించు బాలిక ఆటను బయటినుండి చూచును గనుక, లోపల నిలిచినప్పుడు కానరాని విషయములు ఆమెకు కనబడును. చివరి పది నిమిషములలో అందఱును కూర్చుండి మూడు ప్రశ్నలకు సమాధానము చెప్పుకొందురు: నాటి గుఱి ఎంతవఱకు నెఱవేఱినది? ఎవరికి అవకాశము తక్కువైనది? ఱేపటి గుఱి ఏది? ఆ సమాధానములే మఱునాటి ప్రణాళికకు బీజములగును. నాటి ప్రణాళిక తప్పని తేలినచో దానిని మార్చుకొనుటకు వెనుదీయరాదు. ప్రణాళిక రాతిశాసనము కాదు. దున్నిన కొలది మెత్తబడు నేలవంటిది.

సెల్‌ఫోను లేని పాఠశాలలు నిరుత్సాహపడవలసిన పని లేదు. నోటుపుస్తకములో గీసిన గళ్ళును, గోడగడియారమును, డ్రిల్లు మాస్టరుగారి ఈలయు ఈ పనిని చాలవఱకు చేయగలవు. ఉపకరణము లెక్కను త్వరితపఱచును. లెక్కింపవలెనను సంకల్పము మనుష్యునిదే. 14 మంది గంటసేపు మైదానమునకు వచ్చినారనగా, వారు 14 గంటల జీవితమును గురువు చేతిలో పెట్టినారని అర్థము. ఆ గంటలను ఎట్లు ఖర్చు చేయుచున్నామో తెలిసికొనుట గురువునకు ధర్మము, శిష్యులకు హక్కు. జట్టులో అందఱును పతకములు గెలువలేకపోవచ్చును. కాని తన వంతు రాలేదని తలవంచుకొని ఇంటికి మఱలు బాలిక ఒకతెయు లేని మైదానము, ప్రణాళిక గల ఏ పాఠశాలకైనను సాధ్యమే.